గోడ మీద మచ్చ ఎప్పుడు తడుస్తోంది?

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్, కట్టి తొమ్మిదేళ్లయింది. బాత్‌రూమ్ గోడకి అవతల, అంటే మా బెడ్‌రూమ్ వైపు, నేల నుంచి అడుగు ఎత్తులో రంగు పొక్కులు పొక్కులుగా ఉబ్బుతోంది. కొన్నాళ్లు ఎండిపోయినట్టే ఉంటుంది, మళ్లీ చెమ్మ వస్తుంది. సంక్రాంతికి మా అమ్మాయి, అల్లుడు, పిల్లలు వచ్చి పది రోజులున్నారు. వాళ్లు వెళ్లేసరికి మచ్చ అరచేయంత అయింది. మేమిద్దరం బకెట్‌తోనే పోసుకుంటాం, షవర్ జోలికి పోము. పుట్టీ పెట్టి రంగేస్తే పోతుందని పెయింటర్, టైల్స్ మొత్తం తీయాల్సిందేనని ప్లంబర్. ఎవరి మాట వినాలండీ? – ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే ఇద్దరి మాటా వినకండి. అసలు విషయం మీ ఉత్తరంలోనే ఉంది. మీరు బకెట్‌తో పోసుకున్నన్నాళ్లూ మచ్చ ఎండింది, పిల్లలొచ్చి షవర్ తిప్పిన పది రోజుల్లో పెరిగింది. నలుగురు ఎక్కువగా ఉంటే బాత్‌రూమ్ ఎక్కువ తడుస్తుంది కాబట్టి ఇది ఒక్కటే రుజువని అనను, కానీ ముందు అనుమానించాల్సింది షవర్‌నే.

ఎందుకో చెప్తాను. వేడి నీళ్లూ చన్నీళ్లూ కలిపే డైవర్టర్ ఉంటుంది కదా, అక్కడి వరకూ పైపుల్లో ఇరవై నాలుగు గంటలూ నీళ్లు ఒత్తిడితో నిలిచే ఉంటాయి. అక్కడ పైపు కారితే రాత్రీ పగలూ తేడా లేకుండా కారుతుంది, మీరు ఊరెళ్లినా ఆగదు. డైవర్టర్ నుంచి పైకి, షవర్ దాకా వెళ్లే ముక్కలోకి మాత్రం షవర్ తిప్పినప్పుడే నీళ్లు వస్తాయి. ఆ ముక్క చివర గోడ లోపల ఒక ఎల్బో (పైపుని మలుపు తిప్పే ముక్క) ఉంటుంది, దాంట్లోకే షవర్ గొట్టాన్ని టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తారు. టేపు సరిగ్గా చుట్టకపోయినా, ప్లంబర్ మరీ గట్టిగా తిప్పినప్పుడు ఎల్బో సన్నగా చీరినా, నీళ్లు టైల్స్ వెనక గోడ వెంట దిగి ఎక్కడో కింద, అడుగు ఎత్తులో బయటపడతాయి. లోపం ఏడడుగుల ఎత్తున, మచ్చ పాదాల దగ్గర! చాలామంది మచ్చ ఉన్నచోటే పగలగొట్టించి డబ్బు పోగొట్టుకునేది ఇందుకే.

కాబట్టి ఒక వారం ఓపిక పట్టండి. మచ్చ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కనే తేదీ వేయండి. నాలుగైదు రోజులు అందరూ బకెట్ స్నానమే చేయండి, ఆ పోసుకునేది కూడా ఆ గోడకి దూరంగా. తర్వాత షవర్ తలని ఊడదీసి, గొట్టం చివర డమ్మీ ప్లగ్ బిగించి (హార్డ్‌వేర్ షాపులో చాలా తక్కువకే దొరుకుతుంది), డైవర్టర్‌ని షవర్ వైపు తిప్పి గంటసేపు వదిలేయండి. ఇప్పుడు ఒక్క చుక్క కూడా బాత్‌రూమ్‌లో పడదు, గోడ లోపలి పైపులో మాత్రం ఒత్తిడి నిండుగా ఉంటుంది. ఆ రోజో మర్నాడో మచ్చ గీత దాటిందా, పైపే. అప్పుడు ఆ ఎల్బో దగ్గర ఒకటి రెండు టైల్స్ తీస్తే సరిపోవచ్చు, గది మొత్తం తవ్వక్కర్లేదు.

మచ్చ కదల్లేదంటే రెండో అనుమానం టైల్స్ మధ్య సందులు. ప్లగ్ తీసేసి, షవర్ నీళ్లు ఆ గోడకే తగిలేలా పదిహేను నిమిషాలు పట్టి చూడండి. మన ఇళ్లలో చాలాచోట్ల ఆ సందుల్లో నింపింది తెల్ల సిమెంటే. నాలుగైదేళ్లకి అది పిండిలా రాలిపోయి, వెంట్రుకవాసి చీలికల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి. దీనికీ తలుపు నుంచి పైకప్పు దాకా పగలగొట్టనవసరం లేదు. పాతది గీకేసి ఎపాక్సీ గ్రౌట్ నింపిస్తే చాలాసార్లు ఆగిపోతుంది. అదీ కాకపోతేనే నేల సంగతి, దాని గురించి కింద ఇంకో ప్రశ్నలో చెప్తున్నాను.

పుట్టీ మాత్రం వద్దేవద్దు. విజయవాడలో మా ఇంట్లో ఇదే పని రెండుసార్లు చేయించాం. రంగు కొత్తగా మెరుస్తుంటే పోయిందనుకున్నాం. తడి లోపలే ఉండిపోయి, గోడకి ఆనించి చేయించిన ప్లైవుడ్ వార్డ్‌రోబ్ వెనక చెక్క ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది. దానికి ఆరు నెలల ముందే అమ్మ, ‘ఈ అరలో చీరలకి ముక్కవాసన వస్తోందే’ అని అంటూనే ఉంది, మేమే కలరా ఉండలు వేసి వదిలేశాం. అందుకే అందరికీ చెప్తున్నాను, మచ్చ కంటే ముందు వచ్చేది వాసన. ఎండాకాలంలో కూడా ఒక గదిలో ముసురుపట్టిన రోజు వాసన వస్తుంటే, బాత్‌రూమ్‌కి ఆనుకున్న గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి. మిగతా గోడల కంటే చల్లగా ఉంటే తడి చేరుతున్నట్టే. వేడినీళ్ల పైపు కారుతుంటే మాత్రం గీజర్ వేసినప్పుడు ఆ చోటు గోరువెచ్చగా తగులుతుంది. రంగు మీద తెల్లటి ఉప్పులాంటి పొడి తేలడం, తలుపు చౌకట్టు అడుగున చెక్క మెత్తబడటం, స్కర్టింగ్ దగ్గర చెదలు లేవడం కూడా ఆ కోవలోవే. రూపాయి బిళ్లతో టైల్స్ మీద కొట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట టక్‌మంటుంది, వెనక సిమెంటు వదిలేసినచోట డొల్లగా మోగుతుంది. డొల్ల అంటే లీకేజీ ఖాయమని కాదు, కొత్తిళ్లలో కూడా సరిగ్గా అతికించని టైల్స్ అలాగే మోగుతాయి. కానీ చెమ్మ, డొల్ల ఒకేచోట కలిశాయంటే నీళ్ల దారి దొరికినట్టే.

ప్రశ్న: గుంటూరులో సొంతిల్లు, బోరు నీళ్లు. షవర్ కట్టేశాక కూడా బొట్టు బొట్టుగా పడుతూనే ఉంటుంది. ఇది లీకేజీయేనా, మామూలేనా?

జవాబు: ఎంతసేపు పడుతోందో చూడండి. కట్టాక కొద్ది నిమిషాలు పడితే అది షవర్ తలలో మిగిలిన నీళ్లే. బోరు నీళ్లలోని సున్నం రంధ్రాలకి పట్టి నీళ్లు ఒకేసారి దిగకుండా ఆపుతుంది, కాబట్టి మీకు ఇంకాస్త ఎక్కువసేపే పడొచ్చు. షవర్ తల ఊడదీసి వెనిగర్‌లోనో నిమ్మరసం నీళ్లలోనో గంటసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం పోయొద్దు, పైన మెరుపు పూత మొత్తం లేచిపోతుంది.

అరగంట దాటినా పడుతోందంటే అది కుళాయి లోపలి వాషర్ లేదా స్పిండిల్ (పిడి తిప్పితే లోపల తిరిగే ముక్క) అరిగిపోవడం. రాత్రి పడుకునేముందు కింద బకెట్ పెట్టి పొద్దున్నే కొలవండి. బొట్టుకి పావు మిల్లీలీటరు వేసుకున్నా, సెకనుకి ఒక బొట్టు చొప్పున రోజుకి 20 లీటర్ల పైమాటే. స్పిండిల్ మార్చడం చిన్న పని, గోడ ముట్టుకోనక్కర్లేదు. పాతది విప్పి అదే పట్టుకుని షాపుకెళ్లండి, సైజు తేడా వస్తే మళ్లీ తిరగాలి.

ప్రశ్న: మేం కింది ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాం. మా బాత్‌రూమ్ పైకప్పు నుంచి నీళ్లు కారుతున్నాయి. పైవాళ్లని అడిగితే ‘మా బాత్‌రూమ్ పొడిగానే ఉంది, మాది కాదు’ అంటున్నారు. రోజూ గొడవే, టెన్షన్‌గా ఉంది.

జవాబు: పైవాళ్లు అబద్ధం చెప్పకపోవచ్చు, వాళ్లకి నిజంగానే ఏమీ కనపడదు. ఫ్లాట్లలో చాలావరకు బాత్‌రూమ్ శ్లాబుని పల్లంగా పోసి, అందులో పైపులు పరిచి, ఇటుక ముక్కలతో నింపి పైన గచ్చు చేస్తారు. నీళ్లు ఆ ఇటుక ముక్కల్లో తొట్టెలో ఉన్నట్టు చేరి, మెల్లగా మీ నెత్తిన పడతాయి.

గొడవ పక్కనపెట్టి నాలుగు రోజులు టైము రాయండి. రాత్రి రెండింటికి కూడా అదే ధారగా పడుతుంటే నీళ్ల పైపు. వాళ్ల స్నానాలయ్యాక గంటకో రెండు గంటలకో పెరిగి మధ్యాహ్నానికి తగ్గితే నేల గానీ, నీళ్లు పోయే ట్రాప్ గానీ. ఆ కాగితం, ఫోన్లో తీసిన ఫొటోలు మీ ఇంటి ఓనరుకి, అసోసియేషన్‌కి చూపించి, పైన ఒక పరీక్షకి ఒప్పించండి. ట్రాప్‌ని తడిబట్ట, ప్లాస్టిక్ కవరుతో గట్టిగా మూసి, నేల మీద అంగుళం ఎత్తున నీళ్లు నింపి, గోడ మీద గీత గీసి ఒక రోజంతా వదలాలి. నీటిలో కాస్త రంగు కలిపితే ఇంకా మంచిది. గీత దిగి, మీ పైకప్పు తడిస్తే నేల వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టు. అసలు దిగకపోతే ట్రాప్, దాని కింది పైపు చూడాలి. పని చేయించాక కూడా లోపల చేరిన నీళ్లు ఆరడానికి వారాలు పట్టొచ్చు, అప్పుడు మళ్లీ ‘పని సరిగ్గా చేయలేదు’ అని పోట్లాడుకోవద్దు.

బిల్డింగ్ కొత్తదైతే ఒక మాట మీ ఓనరుకి చెప్పండి. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద రిజిస్టరైన ప్రాజెక్టులో, ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్లలోపు బిల్డర్ దృష్టికి తెచ్చిన నాసిరకం పనిని, 30 రోజుల్లో బిల్డరే తన ఖర్చుతో సరిచేయాలని ఆ 2016 చట్టంలోని 14వ సెక్షన్ చెప్తోంది. ఫోన్లో చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా ఇవ్వడం మంచిది.

పైకప్పులో ఎర్రటి తుప్పు గీతలు గానీ పెచ్చులు గానీ కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బితేనే కాంక్రీటు అలా పగిలి ఊడుతుంది. నాకు అన్నిటికంటే భయంగా ఉంది మీ గీజర్ గురించి. ఆ నీళ్లు గీజర్ స్విచ్చు మీదుగానో, లైటు మీదుగానో దిగుతుంటే ఈ రోజే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉందో లేదో అడగండి, లేకపోతే పెట్టించమని ఓనరుని గట్టిగా అడగండి. ఉన్నది పదేపదే పడిపోతుంటే ఆ ట్రిప్పింగ్ కూడా తడి ఎక్కడో వైర్లదాకా వెళ్లిందనడానికి గుర్తు కావచ్చు. విసుగొచ్చి దాన్ని తీయించేయకండి. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా పిల్లల్ని ఆ బాత్‌రూమ్‌లోకి పంపొద్దు.