టెంటు వేశారని తీర్మానం మార్చకు

విజయనగరం

చి॥ల॥సౌ॥ మేనకోడలిని మావయ్య దీవించి రాయునది.

మొన్న ఫోనులో నువ్వు సగం చెప్పి ఆపేశావు. మిగతా భోగట్టా మా అప్ప చెప్పింది. ట్రాక్టరు డీజిల్, పంపు దగ్గర ఇద్దరి జీతం, జాతర ఆర్కెస్ట్రా ఖర్చు ఆపుతూ సర్పంచ్‌గా నువ్వు చేయించిన తీర్మానం మీద పంచాయతీ ఆఫీసు ముందు ధర్నా టెంటు వేశారట. నీకు ఓటేసిన వీధివాళ్లే ముందు వరసలో కూర్చున్నారట. మీ వార్డు మెంబర్లు ఇద్దరు వెళ్లి పలకరించి మరీ వచ్చారట. ఎన్నికలు ముంచుకొస్తుంటే ఖర్చు తగ్గించడమేటని మండలం నాయకులు నీకే చీవాట్లు పెట్టారట. తీర్మానం రద్దు చేసెయ్, గొడవ వదిలిపోతుంది అంటున్నారట.

రద్దు చెయ్యకు. నువ్వు తలపెట్టిన పని సరైనదే, చేసిన వరసే తేడా కొట్టింది. సర్వీసంతా పంచాయతీల పద్దులు ఆడిట్ చేసినవాణ్ని, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

నువ్వు పంపిన ట్రాక్టరు లాగ్‌బుక్ ఫోటోలు కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాను. రోజూ పన్నెండు లీటర్ల డీజిల్. ఆదివారం పన్నెండు, సంక్రాంతి నాడు పన్నెండు, వానకి వీధులన్నీ నీళ్లు నిలిచి బండి షెడ్డులోంచి కదలని రోజూ పన్నెండే. నెలంతా ఒకే పెన్ను, ఒకే చేతిరాత. సంతకాలు నెలాఖరున ఒక్కసారే కూర్చుని గీకేసినట్టున్నారు, పై గడిలో సిరా ఆరకముందే కింది గడిలో చెయ్యి పెట్టడంతో వరసంతా అలికేసింది. ఇలాంటి పుస్తకాలు చూడగానే మా ఆఫీసులో నవ్వుకునేవాళ్లం, తర్వాత అభ్యంతరం రాసేవాళ్లం, తర్వాత ఏమీ జరిగేది కాదు. నువ్వు ఆపావు. ఆపినందుకు ‘కార్మికుల పొట్ట కొట్టింది’ అని మైకులో అరుస్తున్నారంటే, ఆ డీజిల్ ఎవరి పొట్టలోకి పోయేదో అరిచేవాడికీ తెలుసు.

అయినా ఊరు వాళ్ల మాటే ఎందుకు వింటోందో ఆలోచించు. ఖర్చు తగ్గితే నష్టపోయేవాడు ఫలానా అని తెలుస్తుంది. వాడికి ఇల్లుంది, చుట్టాలున్నారు, గొంతుంది. మిగిలిన డబ్బుతో రేపు కాలనీలో మురుగుకాలవ తీయించావనుకో, ఆ కాలవ పక్కింటి ఇల్లాలు నీ తరఫున టెంటు వేసి కూర్చోదు. కాలవకి డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా ఆవిడకి తెలీదు. పోగొట్టుకున్నవాడు అరుస్తాడు, బాగుపడేవాడికి తను బాగుపడబోతున్నట్టే తెలీదు. అందుకని కోత పెట్టేముందే ఆ డబ్బు ఎక్కడికి పోతుందో ఊరికి చూపించాలి. నువ్వు ముందు కోత పెట్టి, కాలవ సంగతి తర్వాత చూద్దామనుకున్నావు. మధ్యలో దొరికిన సందులో వాళ్లు టెంటు వేశారు.

డల్లాస్‌లో ఉన్న మీ తమ్ముడు ‘మస్క్ అంతటివాడే చెయ్యలేక తప్పుకున్నాడు, అక్క ఎంత’ అన్నాడట. వాడికి ఇది చదివి వినిపించు. అమెరికా ప్రభుత్వం అప్పు 2024 నవంబరులోనే 36 లక్షల కోట్ల డాలర్లు దాటింది. అంత అప్పున్న ఇంట్లో ఖర్చు తగ్గించాలన్నవాడు వెర్రివాడేం కాదు. ట్రంప్ ప్రమాణం చేసిన రోజే, 2025 జనవరి 20న, దానికో విభాగం పెట్టి టెస్లా కార్ల మస్క్‌ని ముందు నిలబెట్టాడు. అంతవరకు బాగానే ఉంది. చెడింది చేసిన తీరులో. 2 లక్షల కోట్ల డాలర్లు మిగులుస్తానని మస్క్ ఎన్నికల ముందే అనేశాడు. తర్వాత లక్ష కోట్లన్నాడు. ఏప్రిల్ వచ్చేసరికి 15,000 కోట్లకి దిగాడు. ఫిబ్రవరిలో ఒక సభలో రంపం పైకెత్తి చిందులేశాడు. ఉద్యోగులందరికీ పోయిన వారం మీరేం చేశారో ఐదు ముక్కల్లో రాయండని మెయిల్ పెట్టించారు. అణ్వాయుధాల బాధ్యత చూసే సంస్థలో మనుషుల్ని తీసేసి, ఒకట్రెండు రోజుల్లోనే నాలిక్కరుచుకుని మళ్లీ పిలిచారు. కోర్టులు వేలమందిని వెనక్కి తీసుకోమన్నాయి. మే నెలాఖరుకి ఆయన తప్పుకున్నాడు.

గొడవ చేసినవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? ఆయన కార్ల షోరూముల మీద పడ్డారు, కొన్నిచోట్ల కార్లకి నిప్పు పెట్టారు. సభల్లో ఎంపీలని నిలదీశారు. అప్పెలా తీరుస్తాం అన్న ప్రశ్న ఆ కేకల్లో నాకైతే పెద్దగా వినిపించలేదు. ఖర్చు పెంచేటప్పుడు ఏ టెంటూ ఉండదు కదేటి.

మస్క్ చేతికి ఆ రంపం ఇచ్చింది అర్జెంటీనా అధ్యక్షుడు మిలే. ఆయన సంగతి వేరు. 2023లో ఓట్లడిగేటప్పుడే రంపం చూపించాడు. అందుకే ఓటేసినవాడు తర్వాత మోసపోయానని అనలేకపోయాడు. గద్దెనెక్కిన రోజునే డబ్బు లేదు, ముందు రోజులు కష్టంగా ఉంటాయి అని చెప్పేశాడు. 18 మంత్రిత్వ శాఖల్ని 9 చేశాడు. పింఛనుదార్లు వీధికెక్కారు, యూనివర్సిటీ పిల్లలు ఎక్కారు. వాళ్ల బాధ అబద్ధమని నేననను, పింఛను మీద బతికే నాకు తెలుసు. కానీ ఆయన అధికారంలోకి వచ్చిన నెలలో 25 శాతం పెరిగిన ధరలు, ఏడాది తిరిగేసరికి నెలకి 3 శాతం లోపుకి వచ్చాయి. సంతకెళ్లిన ప్రతివాడి చేతికీ అది తగిలింది. 2025 అక్టోబరు ఎన్నికల్లో ఆ పార్టీకే ఎక్కువ ఓట్లు పడ్డాయి.

మన రాష్ట్రంలో తిరగబడిన కథ నీ చిన్నప్పటిదే. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేశారు. కరెంటు బోర్డు నష్టాల్లో ఉందన్నది నిజం. కానీ ఆ నష్టం లెక్క జనానికి చేరలేదు, బిల్లు చేరింది. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద హైదరాబాదు బషీర్‌బాగ్‌లో గొడవకి దిగితే కాల్పులయ్యాయి, మనుషులు చనిపోయారు. 2004లో 294 సీట్లలో అప్పటి పాలక పార్టీకి 47 మిగిలాయి. కొత్త ముఖ్యమంత్రి మొదటి సంతకం ఉచిత కరెంటు మీద. కరువు, ఇంకా చాలా కారణాలు కలిశాయిలే. కానీ అప్పట్నుంచి కోత అనే మాటెత్తడానికి మన నాయకులకి నోరు రాలేదు. నువ్వు ఇప్పుడు వెనక్కి తగ్గితే మీ ఊళ్లోనూ అంతే అవుతుంది. నీ తర్వాత వచ్చే సర్పంచ్ ఆ లాగ్‌బుక్ తెరిచి కూడా చూడడు.

ఇక చెయ్యాల్సిన పని. పంపు దగ్గర తీసేసిన ఇద్దరి విషయం ముందు తేల్చు. వాళ్లు అక్కర్లేదన్నది నిజమే, ఒక మోటారుకి ముగ్గురేటి? అయితే వాళ్లని పెట్టింది ఎవరు? పోయిన ఎన్నికలప్పుడు మాటిచ్చినవాళ్లు. తప్పు వాళ్లది, పోయిన జీతం వీళ్లది. టెంటులో మైకు ముందు ఆ ముసలాయన్నే ఎందుకు కూర్చోబెట్టారో చూడు. డీజిల్ గురించి ఎవరూ మాట్లాడరు, మాట్లాడితే దొరికిపోతారు. నువ్వు నోటీసు బంట్రోతు చేత పంపావట. అది బాగాలేదు. పొద్దుగూకాక వాళ్లిళ్లకి నువ్వే వెళ్లు, వెంట ఎవర్నీ తీసుకెళ్లకు. మంచం మీద కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పు. పారిశుద్ధ్యం పనిలో ఖాళీ వస్తే ముందు మిమ్మల్నే అడుగుతానను. ఆ ఖాళీ ఎప్పుడొస్తుందో తెలియకపోతే తెలియదనే చెప్పు.

మీ సెక్రటరీ మీద ఒక కన్నేసి ఉంచు. మంచివాడే కావచ్చు, కానీ ఖర్చు తగ్గించమంటే ఆఫీసుకి ఒక అలవాటుంది. జనానికి బాగా నొప్పి తగిలే చోటే ముందు కోస్తుంది. కుళాయి రెండు పూటలు వదిలేది ఒక పూట చేస్తారు, బ్లీచింగ్ కొనరు, అడిగితే సర్పంచ్ గారు వద్దన్నారంటారు. మూడో రోజుకి ఊరంతా నీ మీద పడుతుంది. అందుకని తాగునీరు, బ్లీచింగ్, వీధి దీపాలు వీటి జోలికి పోకూడదని తీర్మానంలోనే రాయించు. దీపాలు పట్టపగలు వెలుగుతుంటే ఆర్పించు, దానికి ఎవడూ ధర్నా చెయ్యడు. అలాంటివి మొదట చేసి ఉంటే ఈపాటికి నాలుగు రూపాయలు మిగిలి కనబడేవి.

జాతర ఆర్కెస్ట్రా, సీరియల్ లైట్ల ఖర్చు ఆపావు, చాలా బాగుంది. ‘అమ్మవారికే ఖర్చు వద్దంది’ అని దాన్ని తిప్పేశారు. ఇక్కడ నువ్వు చెప్పాల్సిన లెక్క ఒకటుంది. కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం డబ్బులో పెద్ద భాగం నీళ్లకీ పారిశుద్ధ్యానికే ముడిపెట్టి ఇస్తారు. మిగతాది జీతాలకీ ఆఫీసు ఖర్చులకీ తియ్యకూడదు. అంటే పంపు మనుషుల జీతమైనా, ఆర్కెస్ట్రా అయినా పంచాయతీ సొంత డబ్బులోంచే పోవాలి, ఇంటి పన్ను, సంత ఆశీలు, చెరువు వేలం పాట. ఈ ముక్క ఊళ్లో ముప్పావు మందికి తెలీదు. సర్కారు డబ్బు, పోతే పోనీ అనుకుంటారు. అది వాళ్లింటి రశీదు మీద కట్టిన డబ్బేనని తెలిస్తే అడిగే ప్రశ్న మారుతుంది. ఆర్కెస్ట్రా కావాలంటే కుర్రాళ్లు చందాలెత్తుకుంటారు. తప్పెటగుళ్ల వాళ్లకి ఏటా ఇచ్చేది మాత్రం ఆపకు. అది కొద్ది మొత్తం, ఆ పాట మన దగ్గర పోతే ఇంకెక్కడా దొరకదు. లెక్కల మనిషిని ఇలా అంటున్నానేటని నవ్వుకోకు.

నీ గౌరవ వేతనం వదులుకుంటానని ప్రకటించమని ఎవరో సలహా ఇచ్చారట. వద్దు. నెలకి వచ్చేదే కొద్దిపాటి డబ్బు, అది వదిలేసి ఫోటో దిగితే నాటకం అంటారు. రామారావు గారు రూపాయి జీతం తీసుకున్నారంటే అప్పటికే సినిమాల్లో సంపాదించుకున్నవారు. ఆయన పోలిక నీకెందుకు? మీటింగుల టీ టిఫిన్ల పద్దు, వచ్చినవాడికల్లా శాలువాల పద్దు తీసేయించు. అవి నీ పేరున రాసినవి, వాటిమీదే నిన్ను పట్టుకుంటారు.

ఇవన్నీ అయ్యాక గ్రామసభ పెట్టు. టెంటువాళ్లని నువ్వే పిలువు, కుర్చీలు ముందు వరసలోనే వెయ్యి. పోయిన ఏడాది డీజిల్ ఖర్చు ఎంతో, బండి నిజంగా తిరిగిన దూరానికి ఎంత కావాలో, మిగిలేది ఎంతో, దాంతో ఏ వీధిలో కాలవ తీస్తారో పెద్దక్షరాలతో బోర్డు మీద రాయించు. ఇంజినీరు చేత కాలవ ఎస్టిమేట్ ఆ రోజుకి సిద్ధం చేయించుకో. దొంగలు, తిన్నారు అనే మాటలు నీ నోట రానివ్వకు. లాగ్‌బుక్ పేజీలు పక్కన అంటించు, సంక్రాంతి నాటి పన్నెండు లీటర్లు వాళ్లే చదువుకుంటారు. తిడితే తిట్టనీ, అడిగినదానికి మాత్రం అంకెతో జవాబు చెప్పు. అంకె నీ దగ్గర లేకపోతే రేపు చెబుతానను, మర్నాడు చెప్పు.

మీ ఆయన్ని ఆ రోజు మైకు దగ్గరికి రానివ్వకు. అల్లుడుగారి మీద నాకు గౌరవమే. కానీ ఆయన ఒక్క మాట మాట్లాడాడంటే సర్పంచ్ ఎవరన్న గొడవలో నీ లెక్కంతా కొట్టుకుపోతుంది. వచ్చినవాళ్లకి మజ్జిగ అందించే పని ఆయనకి అప్పగించు.

ఓడిపోతావేమోనని మా అప్ప బెంగ పెట్టుకుంది. ఓడిపోవచ్చు. ఆ మాట నీతో దాచను. అంకెలు చూపించినా సరే, ఓటు చీర దగ్గరో బాటిల్ దగ్గరో తేలిపోయే ఊళ్లు చూశాను. కానీ రద్దు చేసినా ఓడిపోవచ్చు కదా, అప్పుడు డీజిలూ పోతుంది, కాలవా రాదు.

లాగ్‌బుక్ అసలుది ఆఫీసు బీరువాలో వదలకు, ప్రతి పేజీ జిరాక్సు తీయించి సెక్రటరీ చేత ధ్రువీకరణ సంతకం పెట్టించు. సభ తేదీ ఖరారు కాగానే చెప్పు. బోర్డు మీద రాసే అంకెలు ఒకరోజు ముందు నాకు పంపితే కూడికలు సరిచూసి పంపుతాను.

ఇట్లు
మీ మావయ్య