కింది కోర్టు రికార్డులో కాగితాలు లేకపోతే క్రిమినల్ అప్పీలు ఎలా వింటారు?

ప్రశ్న: హత్యాయత్నం కేసులో అదనపు సెషన్స్ కోర్టు మా అన్నయ్యకు పదేళ్ల జైలుశిక్ష వేసింది. 2019లో హైకోర్టులో అప్పీలు వేశాం. కింది కోర్టు నుంచి వచ్చిన రికార్డులో రెండో సాక్షిని మా లాయరు అడిగిన క్రాస్ (ఎదురు ప్రశ్నల) పేజీలు, గాయాల సర్టిఫికెట్టు లేవని ఇప్పుడు చెబుతున్నారు. తీర్పు ఉంది కదా అని దాన్నిబట్టే అప్పీలు తేల్చేస్తారా? కాగితాలు పోతే కేసు కొట్టేస్తారని కొందరంటున్నారు, నిజమేనా? అన్నయ్య ఇంకా జైల్లోనే ఉన్నాడు.
– ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: తీర్పు ఒక్కటే చదివి అప్పీలును తేల్చడం చట్టానికి విరుద్ధం. అయితే కాగితాలు కనిపించనంత మాత్రాన శిక్ష దానంతటదే రద్దయిపోదు కాబట్టి, ఆ ఆశతో మీరు చేతులు కట్టుకుని కూర్చోకూడదు.

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 385వ సెక్షన్ ప్రకారం, అప్పీలును మొదట్లోనే కొట్టివేయనప్పుడు కింది కోర్టు రికార్డును తెప్పించుకోవడం అప్పీలు కోర్టు బాధ్యత. ఒక్క శిక్ష పరిమాణం లేదా దాని చట్టబద్ధత గురించే అప్పీలు వేసిన సందర్భానికి మాత్రమే ఇందులో మినహాయింపు ఉంది. ఆ రికార్డును పరిశీలించి, ఇరుపక్షాల వాదన విన్న తర్వాతే శిక్షను ఖరారు చేయాలో, తగ్గించాలో, రద్దు చేయాలో నిర్ణయించాలని 386వ సెక్షన్ చెబుతోంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇవి 426, 427 సెక్షన్లు అయ్యాయి. మీ అప్పీలు అప్పటికే పెండింగులో ఉంది గనుక సంహిత 531వ సెక్షన్ ప్రకారం పాత కోడే వర్తిస్తుంది.

మీ కేసులో పోయినవి ఏ కాగితాలన్నది చాలా ముఖ్యం. గాయాల సర్టిఫికెట్టు ఆసుపత్రిలోని మెడికో లీగల్ రిజిస్టరు నుంచి, పోలీసుల దగ్గరున్న సి.డి. (కేసు డైరీ) ఫైలు నుంచి మళ్లీ దొరకవచ్చు. డాక్టరు వాంగ్మూలం రికార్డులో ఉంటే ఆ లోటు ఇంకొంత తగ్గుతుంది. క్రాస్ పేజీల సంగతి వేరు. మన కింది కోర్టు తీర్పుల్లో చాలావరకు ప్రాసిక్యూషన్ సాక్షి చీఫ్‌లో (తనను పిలిచిన పక్షం అడిగినప్పుడు) చెప్పినదంతా వివరంగా రాసి, ‘క్రాస్‌లో ఈ సాక్షి నుంచి నిందితునికి అనుకూలమైన విషయమేదీ రాబట్టలేకపోయారు’ అని ఒక్క వాక్యంతో ముగిస్తారు. ఆ వాక్యం నిజమో కాదో తేల్చమనే కదా మీరు అప్పీలు వేసింది! దాన్ని సరిచూడగలిగిన పేజీలే లేనప్పుడు, ఆ వాక్యాన్నే సాక్ష్యంగా తీసుకుని శిక్షను ఖరారు చేస్తే అప్పీలు అనే హక్కు పేరుకే మిగులుతుంది. సాక్షి పోలీసులకు చెప్పని మాటను కోర్టులో కొత్తగా చెప్పాడా, దెబ్బ ఎవరు కొట్టారో చూసేంత వెలుతురు అక్కడ ఉందా వంటి విషయాలు బయటపడేది ఆ పేజీల్లోనే.

సుప్రీంకోర్టు ఈ విషయాన్ని 2023లో జితేంద్ర కుమార్ రోడే కేసులో స్పష్టం చేసింది. 1999లో కింది కోర్టు శిక్ష వేసిన ఆ అవినీతి కేసులో, రికార్డు లేకుండానే హైకోర్టు శిక్షను ఖరారు చేయగా సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. న్యాయమైన అప్పీలు జీవించే హక్కును, వ్యక్తిగత స్వేచ్ఛను కాపాడే రాజ్యాంగం 21వ అధికరణం కిందికి వస్తుందని చెప్పి, నేరం జరిగిందన్న నాటి నుంచి దాదాపు 28 ఏళ్లు గడిచాక మళ్లీ విచారణ జరపడం తగదని భావించింది. అంతకుముందు, 2004 నాటి అభయ్ రాజ్ సింగ్ కేసులో, రికార్డు లేదన్న కారణంతో హైకోర్టు నిందితులను విడిచిపెట్టగా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు: మొదట దొరికిన ఆధారాలన్నింటితో రికార్డును పునర్నిర్మించాలని, అది సాధ్యం కాకపోతే మళ్లీ విచారణకు ఆదేశించే వీలుందేమో చూడాలని, రెండూ కుదరనప్పుడు మాత్రమే కేసు ముగిసినట్లని చెప్పింది. మీ కేసులో పోయింది రికార్డులో కొంత భాగమే గనుక, హైకోర్టు ముందుగా పునర్నిర్మాణం వైపే చూస్తుందని నేను అనుకుంటున్నాను.

అందుచేత ఏయే పేజీలు, ఏయే ఎగ్జిబిట్లు (కోర్టు గుర్తు వేసిన ఆధార పత్రాలు) లేవో విడివిడిగా రాసి, వాదన మొదలుకాకముందే మీ లాయరు చేత పిటిషన్ వేయించండి. కింది కోర్టులో వాదించిన లాయరు ఫైలు, పబ్లిక్ ప్రాసిక్యూటరు ఆఫీసు ప్రతి, సాక్ష్యం టైపు చేసిన స్టెనో కంప్యూటరు, వేరే నిందితులు ఉంటే వారు కాపీయింగ్ సెక్షన్ నుంచి తీసుకున్న సర్టిఫైడ్ కాపీలు, ఇవన్నీ వెతికించదగినవే. అయితే లాయరు చేత్తో రాసుకున్న నోట్సు కోర్టు రికార్డుతో సమానం కాదు. అవతలి పక్షం ఒప్పుకుంటేనో, అఫిడవిట్లతో కోర్టు సంతృప్తి చెందితేనో దానికి విలువ వస్తుంది. అలాగే పునర్నిర్మించామంటూ దాఖలు చేసిన ఏ కాగితాన్నీ మీ అభ్యంతరం వినకుండా రికార్డులో కలపనివ్వకండి.

అప్పీలు కోర్టు అదనపు సాక్ష్యం తీసుకునే వీలు కల్పించే 391వ సెక్షన్ కింద ఆ సాక్షిని మళ్లీ పిలిపించవచ్చని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడవద్దు. ఇన్నేళ్ల తర్వాత వచ్చే సాక్షి అప్పట్లో తడబడిన చోటును ఈసారి సరిదిద్దుకుని చెప్పే ప్రమాదం ఉంది, దాని నష్టం మీ అన్నయ్యకే. మిగతా దారులన్నీ మూసుకుపోయాకే దీని గురించి ఆలోచించాలన్నది నా అభిప్రాయం.

పునర్నిర్మాణానికి నెలలు పట్టవచ్చు. ఆ జాప్యానికి మీ అన్నయ్య కారణం కాదు గనుక, ఇప్పటికే ఎంత శిక్ష అనుభవించారో జైలు సర్టిఫికెట్టుతో సహా చూపి, 389వ సెక్షన్ కింద శిక్ష నిలుపుదలకు, బెయిలుకు వెంటనే పిటిషన్ వేయండి. గతంలో ఒకసారి కొట్టివేసి ఉన్నా, రికార్డు అసంపూర్ణంగా ఉండటం కొత్త కారణమవుతుంది. లాయరు ఖర్చు భారమైతే, జైల్లో ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఉచిత న్యాయ సహాయం కల్పిస్తోంది. జైలు సూపరింటెండెంటు ద్వారా గానీ, హైకోర్టు న్యాయ సేవల కమిటీకి నేరుగా గానీ దరఖాస్తు చేయవచ్చు.