56(జె) ఆర్డరు అందుకున్న తమ్ముడికి

తమ్ముడూ,

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం నుంచి నిన్ను ముందే రిటైర్ చేస్తూ ఆర్డరు ఇచ్చారని ఫోన్లో చెప్పి, నువ్వు తిప్పి తిప్పి అన్నది ఒకటే మాట: "కనీసం నన్ను పిలిచి అడగలేదన్నా." అడగరు. నిర్బంధ పదవీ విరమణ శిక్ష కాదు, కాబట్టి సంజాయిషీ నోటీసు అక్కర్లేదని సుప్రీంకోర్టు 1970లోనే కల్నల్ జె.ఎన్. సిన్హా కేసులో తేల్చేసింది. నాకూ ఆ తీర్పు నచ్చదు, కానీ దానితో తలపడి నువ్వు గెలవలేవు. నీ కేసు ఉన్నదంతా ఫైల్లోనే. నిన్ను పంపాలా వద్దా అని చూసిన రివ్యూ కమిటీ ముందు ఏ కాగితాలు పెట్టారు, ఏవి పెట్టలేదు అన్నదాని మీదే పోరాడాలి.

ముందు ఆర్డరులో ఏ రూలు వేశారో చూడు. కేంద్ర ఉద్యోగుల క్రమశిక్షణ నియమాలు, అంటే సీసీఎస్ (సీసీఏ) రూల్ 11 కింద అయితే అది శిక్షే. ఎంక్వైరీ జరిగి ఉండాలి, 45 రోజుల్లో అప్పీలు వేసుకోవాలి. నువ్వు చదివి వినిపించింది ఎఫ్ఆర్ (ఫండమెంటల్ రూల్స్) 56(జె). 35 ఏళ్లలోపు సర్వీసులో చేరిన గ్రూప్ ఏ, బీ వాళ్లకు 50 నిండాక ఇది వాడతారు. నీకు 52 కాబట్టి వయసు దగ్గర పట్టుకోవడానికేమీ లేదు.

ఆర్డరు అందిన రోజు నుంచి మూడు వారాల్లో రిప్రజెంటేషన్, అంటే ఆర్డరు మీద అభ్యంతరాల అర్జీ, ఇవ్వాలి. ఈ గడువు మాత్రం దాటనివ్వకు. వకీలు దొరకలేదనో, ఆర్టీఐ జవాబు రాలేదనో ఆగొద్దు. ఆర్టీఐకి 30 రోజులు పడుతుంది, నీకున్నవి 21. ఉన్న కాగితాలతో ఇచ్చేసి, "రికార్డు అందాక అదనపు అంశాలు సమర్పించుకునే హక్కు నాకుంది" అని చివర ఒక వాక్యం రాయి. తపాలా సెక్షన్లో రెండో కాపీ మీద స్టాంపూ తేదీ వేయించుకో. పైవాళ్లను బతిమాలే ఉత్తరం మాత్రం వేరేగా కూడా రాయకు. రేపు కోర్టులో వాళ్లు వేసే జవాబుకు (కౌంటరు) అదే జత చేసి "తప్పు ఒప్పుకున్నాడు" అంటారు. చూశాను.

ఇక అసలు సంగతి. నిన్ను పంపింది పనితీరు బాగాలేదనా, నిజాయితీ మీద అనుమానంతోనా? ఆర్డరులో "ప్రజాప్రయోజనం దృష్ట్యా" అని తప్ప ఇంకేమీ రాయరు. కారణం రివ్యూ కమిటీ మినిట్సులో ఉంటుంది. ఆర్టీఐలో ఆ మినిట్సు, కమిటీకి పెట్టిన నోట్, నీ పనితీరు మీద ఏటా రాసే రిపోర్టులు, అంటే ఏపీఏఆర్‌లన్నీ అడుగు. ఇది ఎందుకంటే, పనితీరే కారణమైతే కేంద్ర సిబ్బంది శాఖ (డీఓపీటీ) 2020 ఆగస్టు 28న ఇచ్చిన ఉత్తర్వులు నీకు అండగా ఉన్నాయి. గత ఐదేళ్లలో ప్రమోషన్ వచ్చి, ఆ పోస్టులో పని తృప్తికరంగా ఉంటే ఆ కారణంతో మామూలుగా ఇంటికి పంపకూడదు. నీ ప్రమోషన్ మూడేళ్ల కిందటిదే కదా! నిజాయితీ కారణమైతే ఈ రక్షణ లేదు. అప్పుడు వాదన వేరు: ఆ అనుమానానికి ఆధారం ఏది, విజిలెన్స్ కేసు ఏది, ఎంక్వైరీ ఎందుకు పెట్టలేదు? డిపార్ట్‌మెంటల్ ఎంక్వైరీ తప్పించుకోవడానికి ఇది దొడ్డిదారి కాకూడదని 2001లో ఉమేద్‌భాయ్ పటేల్ కేసులో కోర్టు అంది.

1992 నాటి బైకుంఠనాథ్ దాస్ తీర్పు నీ వకీలు చదివే ఉంటాడు, నువ్వూ చదువు. అందులో నీకు చేదూ ఉంది, తీపీ ఉంది. నీకు తెలియజేయని ప్రతికూల రిమార్కులు చూసినంత మాత్రాన ఆర్డరు చెల్లకుండా పోదు అన్నది చేదు. పాత రిమార్కులున్నా ప్రమోషన్ ఇచ్చి ఉంటే వాటి పదును పోతుంది, అదీ సీనియారిటీతో కాక సెలక్షన్ మీద వచ్చిందైతే మరీను అన్నది తీపి. నీకు ప్రమోషన్ ఇచ్చిన కమిటీ (డీపీసీ) వివరాలు ముందే తీసి పెట్టు.

రిప్రజెంటేషన్ తిప్పికొట్టినా, ఆరు నెలలు జవాబు ఇవ్వకపోయినా, కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ (క్యాట్) హైదరాబాద్ బెంచిలో ఓఏ, అంటే ఒరిజినల్ అప్లికేషన్, వేయాలి. తిప్పికొట్టిన రోజు నుంచి గానీ, ఆ ఆరు నెలలు ముగిసిన నాటి నుంచి గానీ ఏడాది గడువు. మధ్యలో మళ్లీ మళ్లీ అర్జీలు పెట్టుకుంటూ పోతే గడువు పెరగదు. (మీ బావమరిది రాష్ట్ర ఉద్యోగి అన్నావు కదా, ఆయనకు ఈ దారి వర్తించదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునళ్లు లేవు, నేరుగా హైకోర్టే.) ఒరిజినల్ ఫైలు తెప్పించమని మొదటి వాయిదాలోనే అడిగించు. పాత బాస్ కక్ష కట్టాడని రాయాలనుకుంటే ఆయన్ని పేరుతో ప్రతివాదిగా చేర్చి, తేదీలతో సహా సంఘటనలు రాయాలి. అవి లేకుంటే ఆ పేరా తీసెయ్. ఊరికే తిట్టినట్టుంటే జడ్జి మిగతాది కూడా అదే చూపుతో చదువుతాడు.

స్టే మీద ఎక్కువ ఆశ పెట్టుకోకు. ఆదాయపు పన్ను శాఖలో ఐఆర్ఎస్ అధికారి ప్రమోద్ కుమార్ బజాజ్‌ను రిటైర్మెంటుకు మూణ్ణాలుగు నెలల ముందు, 2019 సెప్టెంబరులో ఇలాగే పంపారు. ఆ ఆర్డరును సుప్రీంకోర్టు కొట్టేసింది 2023 మార్చిలో. గెలిచే నాటికి ఆయన రిటైర్ కావాల్సిన తేదీ ఎప్పుడో దాటిపోయింది. నీకింకా ఎనిమిదేళ్లుంది, కాబట్టి పోరాటం దండగ కాదు. ఈలోపు ఇల్లు గడవాలి. నోటీసుకు బదులిచ్చే మూడు నెలల జీతం, పెన్షన్ తీసుకో, "నా హక్కులకు భంగం లేకుండా" అని రాసి మరీ తీసుకో. పెన్షన్ కాగితాల మీద సంతకం పెడితే ఓడిపోయినట్టని ఎవరో చెప్పారని ఆపేశావట. వెంటనే పెట్టెయ్. పిల్లదాని ఫీజు కట్టే తేదీ దగ్గర పడిందని మీ ఆవిడ చెప్పింది.

ఆదివారం ఏపీఏఆర్‌లు, సర్వీసు బుక్కు కాపీ పట్టుకుని రా. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకు, నాకు కూడా.

మీ అన్నయ్య