లాక్‌డౌన్‌లో బాబు మొండికేస్తున్నాడు.. నాకేమో కోపం ఆగట్లేదు!

(2020 కరోనా లాక్‌డౌన్ రోజుల నాటి ప్రశ్న, జవాబు)

ప్రశ్న: మాది కర్నూలు, రెడ్‌జోన్‌లో (కరోనా కేసులు ఎక్కువున్న ప్రాంతంలో) ఉన్నాం. బాబుకు నాలుగేళ్లు, పాపకు ఏడాదిన్నర. నెల దాటింది, గడప దాటలేదు. బాబు ప్రతిదానికీ కింద పడి ఏడుస్తున్నాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. మొన్న కోపం పట్టలేక గట్టిగా కొట్టి, రాత్రంతా ఏడుస్తూ కూర్చున్నాను. మావారు ఇంట్లోనే ఆఫీసు పనిలో ఉంటారు. బాబుకు ఏమైనా జబ్బా?

జవాబు: బాబు గురించి అడిగారు గానీ అమ్మా, నాకు మీ గురించే ఎక్కువ ఆందోళనగా ఉంది. ముందు బాబు సంగతి. భయమేస్తోందని నాలుగేళ్ల పిల్లలు నోటితో చెప్పలేరు. అది ఏడుపుగా, మొండితనంగా బయటికొస్తుంది. అయిదేళ్లలోపు పక్క తడపడం జబ్బు కాదు. తిట్టకుండా బట్టలు మార్చేయండి. మూత్రం పోసేటప్పుడు మంట, జ్వరం, విపరీతమైన దాహం ఉంటే మాత్రం వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. వైద్యానికి లాక్‌డౌన్ అడ్డు కాదు.

టీవీలో రోజంతా కేసుల లెక్కలు నడుస్తుంటే కట్టేయండి. ‘బయటికెళ్తే పోలీసులు పట్టుకుపోతారు’ అని చాలా ఇళ్లలో పిల్లల్ని బెదిరిస్తున్నారు. దయచేసి మీరు ఆ పని చేయొద్దు. ‘జబ్బు తగ్గేదాకా ఇంట్లో ఉందాం’ అంటే వాడికి చాలు. ఫోన్ రోజుకు గంటకు మించొద్దన్నది ఈ వయసుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో) 2019లో చెప్పిన మాట. ఇప్పుడు కాస్త అటూఇటూ అయినా బాధపడకండి. అన్నం దగ్గర, పడుకునే ముందు మాత్రం ఇవ్వకండి.

కోపం తలకెక్కుతోందని తెలియగానే పిల్లల్ని దెబ్బ తగలని చోట కింద కూర్చోబెట్టి, పక్కగదిలోకి వెళ్లి ముఖం కడుక్కోండి. రెండు నిమిషాలు ఏడిస్తే వాళ్లకేమీ కాదు. ఎంత విసుగొచ్చినా పాపను పట్టుకుని గట్టిగా ఊపొద్దు. అంత చిన్నపిల్లల మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. బాబును కొట్టిన రోజు, వాడిని దగ్గరికి తీసుకుని ‘అమ్మ కొట్టకుండా ఉండాల్సింది’ అని చెప్పండి. వాడికి అర్థమవుతుంది.

ఇది మీవారికి చదివి వినిపించండి: సాయంత్రం ఎండ తగ్గాక గంటసేపు పిల్లలిద్దరినీ మీరే మిద్దె మీద ఆడించాలి. పిట్టగోడ దగ్గర జాగ్రత్త. ఆ గంటలో ఆమెకు వంట పని కూడా చెప్పొద్దు, పడుకోనివ్వండి. ఇద్దరు పసిపిల్లలతో రాత్రింబవళ్లు ఒక్కరే వేగడం ఎవరివల్లా కాదు.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, దిగులు తగ్గకపోయినా డాక్టర్‌ను కలవండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి. చనిపోవాలనో, పిల్లల్ని ఏదైనా చేయాలనో ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఇంట్లో చెప్పి ఆస్పత్రికి వెళ్లండి. మాట్లాడటానికి బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ హెల్ప్‌లైన్ ఉంది. (2020లో ఇచ్చిన నంబరు 080-46110007. ఇప్పుడైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్‌కు చేయండి: 14416.)