దామన్‌జోడి నీటి లెక్క నాల్కో నివేదికతో కలవడం లేదన్న ప్రశ్నకు

మీ దామన్‌జోడి లెక్కకూ, ప్రభుత్వరంగ అల్యూమినియం కంపెనీ నాల్కో నివేదికకూ తేడా రావడానికి కారణం, రెండూ లెక్కలోకి తీసుకునే పరిధి వేరు కావడమే. బీఆర్‌ఎస్‌ఆర్ (కంపెనీ ఏటా ఇచ్చే బాధ్యత, సుస్థిరత నివేదిక) కంపెనీ మొత్తానికి రాసేది. దామన్‌జోడి అల్యూమినా శుద్ధి కర్మాగారం నీటితో పాటు అంగుల్‌లోని స్మెల్టర్ (అల్యూమినా నుంచి అల్యూమినియం తీసే కర్మాగారం), విద్యుత్ కేంద్రం వాడకమూ అందులో కలిసిపోతుంది. దామన్‌జోడి ఉన్న కొరాపుట్ జిల్లా వాటా దాని నుంచి విడిగా తేలదు.

1. కర్మాగారం వారీ అంకెలకు ఫారం-5 పర్యావరణ ప్రకటన సంపాదించండి. ఏటా సెప్టెంబరు 30లోగా కాలుష్య నియంత్రణ మండలికి సమర్పించాల్సిన పత్రమది. సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు.

2. అందులో నీరు రోజుకు ఘనపు మీటర్లలో ఉంటుంది, బీఆర్‌ఎస్‌ఆర్‌లో ఏడాదికి కిలోలీటర్లలో. ఘనపు మీటరంటే కిలోలీటరే. కాబట్టి ఫారం-5లోని రోజువారీ అంకెను ఏడాదిలో పనిచేసిన రోజులతో గుణించండి.

3. చాలామంది పొరబడేది ఇక్కడే: బీఆర్‌ఎస్‌ఆర్‌లో తోడిన నీరు, వినియోగం వేర్వేరు వరుసలు. తోడినదాంట్లోంచి బయటికి వదిలినది తీసేస్తే మిగిలేదే వినియోగం. ఫారం-5లోనూ 'వినియోగం' అనే ఉంటుంది కానీ, అది సాధారణంగా లోపలికి తీసుకున్న నీరు. పేరు చూసి జతచేయకండి. తోడిన నీటి వరుసతోనే పోల్చండి.