సంఘం మార్చే సంగతి తర్వాత, ముందు మీ సభ్యత్వం ఉందో లేదో చూసుకోండి

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాన్నగారు కొబ్బరి తోట తాకట్టు పెట్టి నన్ను పైలట్‌ను చేశారు. ఒక ప్రైవేటు విమాన సంస్థలో, హైదరాబాద్ బేస్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్‌గా) పని చేస్తున్నాను. జనవరిలో వరుసగా నైట్ డ్యూటీలు చేసి అలసిపోయి, ఇక నడపలేనని రిపోర్ట్ ఇచ్చాను. దానికి మూడు రోజుల జీతం కోసి, ఇంక్రిమెంట్ ఆపేశారు. ఫిబ్రవరి 2న కంపెనీ ఫిర్యాదుల కమిటీకి మెయిల్ పెట్టాను, జవాబు లేదు. మా పైలట్ల సంఘం నాయకులు యాజమాన్యం చెప్పినట్టల్లా ఆడుతున్నారు. 2024లో మమ్మల్ని అడక్కుండానే వేతన ఒప్పందం మీద సంతకం పెట్టారు. అందుకే కొంతమంది కలిసి కొత్త సంఘం పెడుతున్నారు. పాత సంఘానికి రాజీనామా చేస్తున్నట్టు అందరి దగ్గరా కాగితాలు తీసుకున్నారు, నేనూ సంతకం పెట్టాను. ఒకే రోజు అందరం ఒంట్లో బాగోలేదని చెప్పేస్తే యాజమాన్యం దిగివస్తుందని అంటున్నారు. సెలవులో ఊరొచ్చినప్పుడు అమలాపురం లేబర్ ఆఫీసులో ఒక అర్జీ కూడా ఇచ్చాను. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది, అమ్మ నిద్రపోవడం లేదు. కొత్త సంఘంలో చేరడం సరైనదేనా? పాత ఒప్పందాన్ని వాళ్లు రద్దు చేయించగలరా?

జవాబు: మీ ఉత్తరం మూడు పేజీలుంది. అందులో రెండున్నర పేజీలు పాత నాయకులు ఎంత చెడ్డవాళ్లో చెప్పడానికే సరిపోయాయి. నిజమే కావచ్చు. కానీ ఏ అధికారీ, ఏ ట్రిబ్యునలూ ఆ ప్రశ్న మిమ్మల్ని అడగదు. మీ కేసును తేల్చే మాట మూడో పేజీ అడుగున, బ్రాకెట్లో, ఏదో గుర్తొచ్చి రాసినట్టు ఉంది. "ఎనిమిది నెలలుగా చందా కట్టడం లేదు, వాళ్ల మీద కోపంతో" అని.

పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మీలాంటి వ్యక్తిగత ఫిర్యాదు మొదట కంపెనీలోని ఫిర్యాదుల పరిష్కార కమిటీకి వెళ్లాలి. కారణం పుట్టిన ఏడాదిలోగా ఇవ్వాలి. ఇచ్చారు, అంతవరకు బాగానే ఉంది. కమిటీ ముప్పై రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే, లేదా తేల్చింది మీకు నచ్చకపోతే, అరవై రోజుల్లోగా కన్సిలియేషన్ ఆఫీసర్ (రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. ఎలా వెళ్లాలో కూడా చట్టం చెప్పింది. మీరు సభ్యుడిగా ఉన్న కార్మిక సంఘం ద్వారా.

లెక్క వేయండి. ఫిబ్రవరి 2 నుంచి ముప్పై రోజులంటే మార్చి 4. అక్కడి నుంచి అరవై రోజులంటే మే 3. మీరు నాకు ఉత్తరం రాసింది ఏప్రిల్ 6న. మే 3 ఆదివారం పడింది. సోమవారం ఇచ్చినా చెల్లుతుందని వాదించవచ్చు. ఆ వాదన నేను చేయగలను, కానీ చేయాల్సిన అవసరం మీరెందుకు తెచ్చిపెట్టాలి? మీ నాన్నగారు డెల్టా రైతు. దాళ్వా (రెండో పంట వరి) ఆలస్యంగా ఊడ్చి, కాలువలు కట్టేసే తేదీ మీద పడ్డాక చివరి తడికి లాకుల దగ్గర బతిమాలుకున్నవాళ్లను ఆయన చాలామందిని చూసి ఉంటారు. ఒకసారి అడగండి.

ఇప్పుడు మీ పరిస్థితి చూడండి. చందా కట్టలేదు కాబట్టి పాత సంఘంలో మీ సభ్యత్వం ఊగిసలాడుతోంది. పైగా దానికి రాజీనామా అంటూ సంతకం పెట్టారు. కొత్త సంఘం ఇంకా రిజిస్టర్ కాలేదు. అది ఇవాళ్టికి చట్టం దృష్టిలో ఒక వాట్సాప్ గ్రూప్, అంతే. అంటే మే 3 నాటికి మీ అర్జీ పట్టుకెళ్లే సంఘమే లేకుండా పోయే ప్రమాదం ఉంది. కొత్త సంఘం మంచిదా, పాతది మంచిదా అన్న చర్చలో మీరు మునిగి ఉండగా జరుగుతున్నది ఇది.

మీరు జతచేసిన సంఘం నిబంధనావళి చదివాను. ఆరు నెలలకు మించి చందా బాకీ పడితే, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, పదిహేను రోజుల్లో కట్టకపోతే పేరు తీసేయవచ్చని ఉంది. నోటీసు వచ్చిందా లేదా మీరు రాయలేదు. మెయిల్‌లో స్పామ్ ఫోల్డర్ కూడా వెతకండి. రాకపోతే మీరింకా సభ్యుడే. నెలకు ఐదు వందల చొప్పున నాలుగు వేలు బాకీ. తోట మీద అప్పుకు వడ్డీ ఎంతో రూపాయలతో సహా రాసిన మనిషికి ఈ నాలుగు వేలు బరువైందంటే నేను నమ్మను. ఈ రోజే సంఘం బ్యాంకు ఖాతాకు పంపండి. "ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు చందా" అని వివరం రాసి పంపండి. రసీదు అడుగుతూ కార్యదర్శికి ఒక మెయిల్ పెట్టండి. నగదుగా మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

ఇక ఆ సంతకం పెట్టిన కాగితం. మీరు ఫోటో తీసి పంపినందుకు సంతోషం, అదొక్కటే మీరు చేసిన తెలివైన పని. తేదీ గడి ఖాళీగా ఉంది. "ఎవరికి" అన్న చోటా ఖాళీయే. కింద "పై తేదీ నుంచి నా రాజీనామాను ఆమోదించగలరు" అని ఒక వాక్యం, మీ పూర్తి పేరు, ఉద్యోగి నంబరు, సంతకం. సంఘం అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు! ఆ ఖాళీలో ఎవరైనా కంపెనీ పేరు రాస్తే అది ఉద్యోగానికి రాజీనామా అవుతుంది. మీ ఒక్కరిదే కాదు, అలాంటివి ఎన్నో ఒకాయన బ్యాగులో తిరుగుతున్నాయి. ఆయన మంచివాడే కావచ్చు, బ్యాగు పోవచ్చు కదా. ఉద్యోగానికి కో-పైలట్ ఆరు నెలలు, కమాండర్ ఏడాది ముందు నోటీసు ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన పెట్టింది. తర్వాత మీది రాజీనామా కాదని నిరూపించుకోవడానికి ఏళ్లు పడుతుంది. మీరు చదువుకున్నవారు. టేకాఫ్ ముందు చెక్‌లిస్టులో ఒక్క గడి ఖాళీగా ఉంటే కదలరు కదా!

మూడు చోట్లకు మెయిలూ, రిజిస్టర్ పోస్టూ పంపండి: పాత సంఘం కార్యదర్శికి, కాగితాలు సేకరించిన పెద్దమనిషికి, కంపెనీ హెచ్ఆర్‌కు. "తేదీ, చిరునామా లేని ఒక కాగితంపై నేను సంతకం చేశాను. అది ఉద్యోగానికి రాజీనామా కాదు. సంఘ సభ్యత్వానికి రాజీనామాగా కూడా దాన్ని ఉపసంహరించుకుంటున్నాను" అని రెండు వాక్యాలు చాలు. కోపాలు, కారణాలు రాయొద్దు.

మీ గ్రూప్‌లో "24 గంటల్లో మెసేజ్‌లు మాయమయ్యే" ఏర్పాటు పెట్టారని రాశారు. అది పెట్టాలన్న ఆలోచన ఎవరిదో కానీ, మీ తరఫు సాక్ష్యం కూడా రోజూ అదే తినేస్తోంది. రెండో సంఘం పెడితే ఉద్యోగం ఊడుతుందని ఒక మేనేజర్ అన్నారని రాశారు. అలా బెదిరించడం చట్టం ప్రకారం అనుచిత కార్మిక విధానమే. కానీ ఎవరన్నారు, ఏ రోజు, ఎక్కడ, పక్కన ఎవరున్నారు? ఇవేవీ లేకుండా "అన్నారట" అంటే నేను ఏ కాగితం మీద పెట్టను? జనవరి రోస్టర్ (డ్యూటీల పట్టిక), మీరిచ్చిన అలసట రిపోర్టు, అది అందిందన్న జవాబు, డిసెంబరు, జనవరి జీతం స్లిప్పులు, ఫిబ్రవరి 2 నాటి మెయిల్ ఇప్పుడే దించి పెట్టుకోండి. రోస్టర్ యాప్‌లోకి మిమ్మల్ని రానివ్వడం కంపెనీ చేతిలో పని, రేపు ఆపేయవచ్చు. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్ మార్చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. పాత చట్టంలో 65బి అనేవాళ్లం, 2024 జులై 1 నుంచి ఇది. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు నింపాలి. అసలు ఫోన్ ఉంటే పని తేలిక.

అమలాపురంలో ఇచ్చిన అర్జీ గురించి. అక్కడివాళ్లు రసీదు ఇచ్చారు, పాపం వాళ్ల తప్పేమీ లేదు. కానీ విమాన రవాణా కార్మిక వ్యవహారాలు కేంద్రం పరిధిలోవి. రాజమండ్రి దగ్గర మధురపూడి నుంచి ఎగిరినా, శంషాబాద్ నుంచి ఎగిరినా అంతే. మీ బేస్ హైదరాబాద్ కాబట్టి అక్కడి ప్రాంతీయ లేబర్ కమిషనర్ (సెంట్రల్) కార్యాలయంలో ఇవ్వాలి. రాష్ట్ర కార్యాలయంలో అర్జీ ఇచ్చాను కాబట్టి గడువు ఆగింది అనుకుంటే పొరపాటు.

పాత సంఘం మీ అర్జీ పంపనంటే? అడిగినట్టు రుజువు ఉండాలి. ఏప్రిల్ 13 లోపు కార్యదర్శికి రాతపూర్వకంగా ఇచ్చి, వారం గడువు పెట్టండి. పంపకపోతే, అడిగిన కాగితం, చందా రసీదు జతచేసి ఏప్రిల్ 24 లోపు మీరే నేరుగా వేయండి. సంఘం మొండికేస్తే సభ్యుడి హక్కు పోకూడదని వాదిస్తాం. అది గట్టి వాదన. అడక్కుండా నేరుగా వెళ్తే ఆ వాదన కూడా ఉండదు. కోసిన మూడు రోజుల జీతం సంగతి వేరు. వేతనాల కోడ్ కింద దానికి మూడేళ్ల గడువుంది, సంఘంతో పని లేకుండా మీరే క్లెయిమ్ వేయవచ్చు. ఇక ఫిర్యాదు విషయంలో, పైలట్ కార్మికుడు కాదు, పారిశ్రామిక సంబంధాల కోడ్ మీకు వర్తించదని కంపెనీ అనొచ్చు. లక్షల జీతమన్నది అక్కడ ప్రశ్న కాదు, చేసే పని ఏమిటన్నదే. పైలట్లు కార్మికులేనన్న లేబర్ కోర్టు నిర్ణయాన్ని ఢిల్లీ హైకోర్టు 2024లో సమర్థించింది.

ఇప్పుడు అసలు హెచ్చరిక. ఒకే రోజు అందరూ జబ్బు చేసిందని చెప్పే ఆలోచన మానుకోండి. 2009 సెప్టెంబరులో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు ఇలాగే చేస్తే రోజుల్లోనే రాజీ కుదిరిందని మీ గ్రూప్‌లో ఒకాయన రాశారు. 2012 గురించి ఆయన రాయలేదు. ఆ ఏడాది మే నెలలో ఎయిర్ ఇండియాలో ఇండియన్ పైలట్స్ గిల్డ్ సభ్యులు జబ్బు పేరుతో మొదలుపెట్టిన సమ్మె 58 రోజులు నడిచింది. సంఘం గుర్తింపు పోయింది, వందకు పైగా పైలట్లను తీసేశారు, ఢిల్లీ హైకోర్టు ఆ సమ్మె చట్టవిరుద్ధమంది. గొడవ దేని మీదో తెలుసా? డ్రీమ్‌లైనర్ (బోయింగ్ 787 విమానం) శిక్షణ, ఎయిర్ ఇండియాలో విలీనమైన ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకూ ఇవ్వడం మీద. అంటే ఒక సంఘం పైలట్లకూ ఇంకో సంఘం పైలట్లకూ మధ్య పోటీ. ఇప్పుడు చట్టం ఇంకా బిగిసింది. సంస్థలో సగం మంది, అంతకు మించి కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెడితే అదే సమ్మె. కాగితం మీద సిక్ లీవ్ అని రాశాం కాబట్టి తప్పించుకుంటాం అనకండి. కలిసికట్టుగా పని మానేయడం ఏ పేరుతో చేసినా సమ్మె కిందికే వస్తుంది. సమ్మెకు పద్నాలుగు రోజుల ముందు నోటీసు కావాలి. నోటీసు లేని సమ్మెలో పాల్గొన్నవారికి పదివేల దాకా జరిమానా, నెల దాకా జైలు, లేదా రెండూ. రెచ్చగొట్టినవారికి జరిమానా యాభై వేల దాకా. పైగా మీరు నిజంగా అలసిపోయి జనవరిలో ఇచ్చిన రిపోర్టును, ఈ దొంగ జబ్బుతో మీరే అబద్ధం చేసుకున్నట్టవుతుంది. కంపెనీ లాయరు చేతికి అంతకన్నా మంచి కాగితం దొరకదు.

పాత ఒప్పందం రద్దు సంగతి. మీరు పంపిన చివరి పేజీలో రెండు సంతకాల కింద ఒక గుండ్రటి సీలు, పక్కన మూడో సంతకం ఉన్నాయి. చూశారా? అది కన్సిలియేషన్ ఆఫీసర్ సీలు. సంఘమూ యాజమాన్యమూ తమలో తాము రాసుకున్న ఒప్పందం ఆ ఇద్దరినే కట్టిపడేస్తుంది. కన్సిలియేషన్‌లో కుదిరిందైతే అందులోని కార్మికులందరినీ కట్టిపడేస్తుంది, ఏ సంఘంలో ఉన్నా, ఏ సంఘంలోనూ లేకపోయినా, తర్వాత చేరినవాళ్లయినా. మీది రెండోది. గడువు 2027 సెప్టెంబరు దాకా ఉంది. గడువు ముగిశాక కూడా, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి అరవై రోజులు దాటేదాకా అది నడుస్తూనే ఉంటుంది. ఆ నోటీసు కూడా ఒప్పందం వర్తించేవారిలో మెజారిటీ తరఫున ఇస్తేనే చెల్లుతుంది. కాబట్టి సంఘం పేరు మారితే ఒప్పందం పోతుందన్నది భ్రమ. వారానికి 48 గంటల విశ్రాంతి లాంటివి డీజీసీఏ నియమాలు, వాటిని ఏ ఒప్పందమూ తగ్గించలేదు. అవి ఉల్లంఘిస్తే ఫిర్యాదు చేయడానికి సంఘం అక్కర్లేదు.

అయినా కొత్త సంఘమే కావాలంటే, రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు దరఖాస్తు చేయాలి. సంస్థ కార్మికుల్లో పది శాతం లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. ఇది సులువు. ఒకటికి మించి సంఘాలున్నచోట ఏకైక సంప్రదింపుల సంఘంగా గుర్తింపు కావాలంటే మస్టర్ రోల్‌లో (కార్మికుల హాజరు పట్టీలో) ఉన్నవారిలో 51 శాతం కావాలి. ఓటేసినవారిలో కాదు, రోల్‌లో ఉన్నవారిలో. ఎటూ తేల్చుకోనివాళ్లు, గోడమీద కూర్చున్నవాళ్లు అందరూ మీకు వ్యతిరేకంగానే లెక్క. ఎవరికీ అంత రాకపోతే ఇరవై శాతానికి ఒక ప్రతినిధి చొప్పున సంప్రదింపుల మండలి వస్తుంది, అందులో మీ పాత నాయకులే మీ పక్కన కూర్చుంటారు. మీ నిబంధనావళిలో మూడో వంతు సభ్యులు సంతకం చేసి అడిగితే ప్రత్యేక సర్వసభ్య సమావేశం పెట్టాలని ఉంది. సంఘాన్ని వదిలి బయటికి రావడం కంటే, అందులోనే ఉండి నాయకులను మార్చడం మీకు చౌక, త్వరగా అయ్యే పని అని నా అభిప్రాయం. అక్కడ ఓటు వేయాలన్నా ఆ నాలుగు వేలే కట్టాలి.

చందా రసీదు, మూడు మెయిళ్ల కాపీలు, రోస్టర్ పట్టుకుని రండి. మీ సంతకమున్న ఆ కాగితం తిరిగి ఇచ్చేస్తే కోపంలో చించేయకండి, ఫైల్లో పెట్టి తీసుకురండి.