మున్సిపాలిటీ పార్కుల్లో పిల్లల ఆటస్థలాలు అంత తొందరగా ఎందుకు పాడుబడతాయి?

కొత్తగా కట్టిన పార్కులో ఆటసామాన్లు ఏడాది తిరిగేసరికి తుప్పు పట్టి మూలన పడుతున్నాయని మీరు రాశారు. నిధులు లేకనా, జనానికి శ్రద్ధ లేకనా అని అడిగారు. రెండూ కాదని నా గట్టి నమ్మకం. మన సీమలో పిల్లల పార్కులను పాడు చేసేది ఎండ, గేటు తాళం. పిల్లలు బయటికి రాగలిగే వేళకు పార్కు మూసేస్తారు. తెరిచి ఉన్న వేళలో నిలబడటానికి నీడ ఉండదు. పిల్లలే రాకపోతే ఉయ్యాల గొలుసు తెగినా అడిగే తల్లి ఉండదు. అడిగేవాళ్లు లేకపోతే బాగుచేసేవాళ్లూ రారు.

నాది బదిలీల ఉద్యోగం. కర్నూలు, కడప, అనంతపురం మూడు ఊళ్లలోనూ కాపురం చేశాను. అద్దె ఇల్లు చూసేటప్పుడు అందరూ నీళ్లు ఎన్ని రోజులకు ఒకసారి వస్తాయి, స్కూలు ఎంత దూరం అని అడుగుతారు. దగ్గర్లో పార్కు ఉందా అని కూడా నేను అడిగేదాన్ని. ఓనర్లు వింతగా చూసేవాళ్లు. మిద్దె వేడికి రాత్రి పదింటి దాకా గోడలు సెగలు కక్కే రెండు గదుల ఇంట్లో, నాలుగేళ్ల పిల్లను పెట్టుకుని మే నెల గడిపినవాళ్లకు నా ప్రశ్న వింతగా అనిపించదు.

ఇప్పుడు చెప్పబోయేది ఆ మూడు ఊళ్లలో ఒకచోట జరిగింది. ఏ ఊరో, ఏ పార్కో చెప్పను. అక్కడ పనిచేసేవాళ్లు చిన్న జీతాల మనుషులు, వాళ్లకు మాట రాకూడదు.

మే నెలలో ఒక సాయంత్రం, ఐదు దాటింది. పార్కుకు కొత్తగా రంగులు వేశారు. ఉయ్యాలలు, ఏతం బల్ల, గుండ్రంగా తిరిగే చక్రం, స్టీలు రేకుతో జారుడుబండ, అన్నీ ఉన్నాయి. చెట్లు మాత్రం లేవు. ప్రహరీ వెంట వరసగా అలంకారానికి నాటిన పామ్ మొక్కలు ఉన్నాయి, వాటి నీడ వాటి కాళ్ల దగ్గరికే సరిపోదు. మా పాప నా చెయ్యి విడిపించుకుని పరిగెత్తి మెట్లెక్కేసింది. గౌను వేసుకుని ఉంది. సగం జారిందో లేదో కేక పెట్టింది. కిందికి వచ్చేసరికి తొడల వెనక ఎర్రగా కమిలిపోయింది. ఆ జారుడుబండ ముఖం సరిగ్గా పడమటికి ఉంది. మధ్యాహ్నం నుంచి ఎండంతా ఆ రేకు మీదే పడి పెనంలా కాలుతోంది.

మొక్కలకు నీళ్లు పడుతున్న పెద్దాయన పైపు లాక్కుంటూ పరిగెత్తుకొచ్చాడు. నేను పాపను పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టబోతే వద్దన్నాడు.

"బండ మీద వద్దమ్మా, అదీ కాల్తాంటాది. ఇట్ల నిలబెట్టు."

నిజమే. ఆ బెంచీ నల్ల కడప బండ. పొద్దున అంత హాయిగా ఉండే రాయి సాయంత్రానికి కూర్చోనివ్వదు. ఎండకు పైపులో నీళ్లు కూడా మొదట ఉడుకుగానే వస్తాయి. ఆయన వాటిని కాసేపు నేల మీద వదిలేసి, చేత్తో పట్టి చూసి, చల్లబడ్డాకే పాప కాళ్ల మీద పెట్టాడు. ఏడుపు తగ్గేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత నాతో అన్నాడు:

"పొద్దు గూకినాంక తీస్కరామ్మా. అప్పుడైతే చల్లగుంటాది."

"ఏడింటికే మూసేస్తారని బోర్డు మీద ఉంది కదా పెద్దాయనా?"

"ఏడింటికి పిల్లోళ్లు ఇంట్లోంచి బయటికే రారు కదమ్మా. మరి ఎవరికోసం ముయ్యాల? నేను తీసే పెడతా, రాండి."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. గోనెసంచులు తడిపి సాయంత్రం నాలుగు నుంచే జారుడుబండ మీద పరిచేవాడు. పిల్లలు వచ్చే వేళకు తీసి రేకు తుడిచేవాడు. చీకటి పడ్డాక గేటు బార్లా తెరిచే ఉండేది. మాట ఇంటింటికీ పాకింది. వంట ముగించుకుని తల్లులు వచ్చేవాళ్లు, మనవళ్లను పట్టుకుని అవ్వలు వచ్చేవాళ్లు. గేటు బయట బొరుగుల మసాలా బండి, దాని పక్కన మిరపకాయ బజ్జీల బండి వెలిశాయి. ఒకరోజు ఉయ్యాల కొక్కెం అరిగిపోయిందని ఒక అవ్వ కనిపెట్టింది. అక్కడే కూర్చున్న ఒక తండ్రిది వెల్డింగ్ షాపు. మర్నాడు పొద్దునే మిషన్ తెచ్చి అతుకు పెట్టి వెళ్లాడు. దానికి టెండర్ లేదు, ఫైలు లేదు. వాడుకునేవాళ్లు రోజూ అక్కడే ఉన్నారు కాబట్టి పని అయిపోయింది.

ఏడాది తిరక్కుండానే మనుషులను పెట్టే కాంట్రాక్టు చేతులు మారింది. పెద్దాయన పని పోయింది. ఆయన స్థానంలో రోజంతా ఉండే మనిషిని పెట్టలేదు. పొద్దున ఒకరు వచ్చి ఊడ్చి వెళ్తారు, సాయంత్రం ఇంకెవరో వచ్చి సరిగ్గా ఏడింటికి తాళం వేస్తారు. పెద్ద మగపిల్లలు ఎక్కి తెంపుతున్నారని ఉయ్యాలలను పైకమ్మీకి చుట్టి కట్టేశారు. చిన్నపిల్లలకు అవి అందవు, గోడ దూకి వచ్చే పెద్దవాళ్లకు మాత్రం అందుతాయి. దీపావళికి జారుడుబండ కింది అంచు రేకు లేచి కత్తిలా బయటికి పొడుచుకొచ్చింది. అప్పటికి అక్కడికి వెళ్లే పిల్లలే లేరు కాబట్టి ఎవరూ చూడలేదు. సామాన్లు అవే, కొన్న డబ్బు అదే. పోయింది మనిషి, మారింది గేటు వేళ. అందుకే నిధుల మాట ఎవరెత్తినా నేను ఒప్పుకోను. 2015లో మొదలైన, పట్టణ సదుపాయాల కోసం కేంద్రం పెట్టిన అమృత్ పథకంలో లక్షకు పైగా జనాభా ఉన్న పట్టణాలను తీసుకున్నారు. మన మూడు ఊళ్లూ అందులో ఉన్నాయి. పిల్లలకు అనువైన పార్కులు ఆ పథకంలో ఒక భాగం. సామాన్లు కొనడానికి ఏదో ఒక దారి దొరుకుతూనే ఉంది. రోజూ సాయంత్రం అక్కడ నిలబడే మనిషికి జీతం ఇవ్వడానికే ఎవరికీ చెయ్యి రాదు.

ఇక నీడ సంగతి. దీని మీద నాకు చాలా కోపం ఉంది. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కర్నూలులో ఎండాకాలం వస్తే తాగునీటికి తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ వైపు చూస్తూ కూర్చోవాలి. అలాంటి చోట పార్కు అనగానే మొదట కార్పెట్ గడ్డి పరుస్తారు. దానికి రోజూ నీళ్లు కావాలి. అంత కష్టపడి పెంచిన గడ్డి పక్కనే "గడ్డిపై నడవరాదు" అని బోర్డు పెడతారు. పిల్లలు ఆడుకోకూడని గడ్డికి తాగునీరు పోయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. అదే నీళ్లు రెండేళ్లు కానుగకో వేపకో పోస్తే ఆ తర్వాత అవి మనల్ని ఏమీ అడగవు. వేప, కానుగ మండుటెండలు ముదిరేలోపే పాత ఆకు రాల్చి కొత్త ఆకు వేసుకుంటాయి. మనకు నీడ కావలసిన మే నెలకు గుబురుగా ఉంటాయి.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది. సుమారు ఐదెకరాల మేర అల్లుకున్న ఆ చెట్టు 1989లో గిన్నిస్ బుక్‌కు ఎక్కింది. అంత చెట్టును పెంచిన నేల మనది. నీడనిచ్చే చెట్టు ఇక్కడ బతకదని ఎవరైనా అంటే నేను నమ్మను. పామ్ మొక్క నాటితే ప్రారంభం రోజుకే ఫొటోలో నిండుగా కనిపిస్తుంది, కానుగ నాటితే ఐదేళ్లు ఆగాలి. తేడా అంతే.

ఇంకోటి కూడా చెప్పాలి. ఈమధ్య ఆటసామాన్ల కింద రబ్బరు మ్యాట్లు, ప్లాస్టిక్ గడ్డి వేస్తున్నారు. చూడటానికి శుభ్రంగా ఉంటాయి. కానీ ఎండలో అవి మామూలు మట్టి కంటే, పచ్చగడ్డి కంటే బాగా వేడెక్కుతాయి. నీడ లేని చోట చెప్పులు లేని పిల్లల కాళ్లకు అది శిక్ష. మన ఊళ్లకు పై నుంచి పడితే దెబ్బ తగలనంత మందంగా, ఒక అడుగు లోతున మెత్తని ఇసుక చాలు. వారానికోసారి తిరగేసి, రాళ్లు గాజుపెంకులు ఏరితే అయిపోతుంది. ఆ ఏరడానికి మళ్లీ మనిషే కావాలి.

వాకింగ్‌కు వచ్చే పెద్దలకు ఒక్క మాట. ట్రాక్ మీదికి బంతి వస్తే పిల్లల మీద అరవకండి. మీకు నడవడానికి రోడ్డు ఉంది, మిద్దె ఉంది. ఓపెన్ జిమ్ మిషన్లు పిల్లల ఆటస్థలం పక్కనే బిగించమని అడగకండి. ఆ కదిలే కమ్మీల మధ్య చిన్నవేళ్లు పడి నలగడం నేను కళ్లారా చూశాను.

పెద్దాయన పని పోయి పార్కు పాడుబడ్డాక మేం ఏం చేశామో చెప్తాను, మీకు పనికొస్తుంది. మా వీధి తల్లులం కలిసి సోమవారం అర్జీల రోజు వెళ్లాం. అందరూ కొత్త సామాన్లు అడుగుదామన్నారు. నేను పట్టుబట్టి ఒకే ఒక్క కోరిక రాయించాను: మార్చి నుంచి జూన్ దాకా రాత్రి తొమ్మిదిన్నర వరకు గేటు తెరిచి ఉంచాలి, ఆటస్థలం దగ్గర రెండు లైట్లు వెలగాలి. అందులో పెద్ద ఖర్చు లేదు కాబట్టి ఎవరికీ కాదనడానికి కారణం దొరకలేదు. ఆ వేసవిలో జనం మళ్లీ వచ్చారు. జనం వచ్చాక ఉయ్యాలలు కిందికి దిగాయి, లేచిన రేకు మార్చారు. అవన్నీ మేం అర్జీలో రాయనివే. తర్వాతి ఏడాది జారుడుబండను అక్కణ్ణుంచి పీకించి, సాయంత్రం నీళ్ల ట్యాంకు నీడ పడేచోట, ముఖం ఉత్తరానికి తిప్పి పాతించాం. ఇద్దరు కూలీలు, ఒక పూట పని. మన దేశంలో జారుడుబండకు ఉత్తర ముఖమే మంచిది, ఎండ తక్కువ తగులుతుంది. కొత్త పార్కు కట్టేవాళ్లు ఈ ఒక్క సంగతి పట్టించుకున్నా చాలామంది పిల్లల కాళ్లు కాలవు.

అర్జీ ఇచ్చేటప్పుడు దయచేయమని వేడుకోనక్కర్లేదు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణతో పన్నెండో షెడ్యూల్ వచ్చింది. పట్టణ పాలక సంస్థలు చేయాల్సిన పనుల జాబితా అది. పార్కులు, ఉద్యానవనాలు, ఆటస్థలాలు అందులో 12వ అంశంగా స్పష్టంగా ఉన్నాయి. ఆ అంశం నంబరు వేసి రాయండి, చదివేవాళ్ల తీరు మారుతుంది. మీ లేఅవుట్‌లో పార్కుకు వదిలిన స్థలంలో ఇంకేదో కడతామని ఎవరైనా వస్తే 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించండి. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు ఇస్తే, ముద్దప్ప అనే ఆయన, ఆ కాలనీవాళ్లు కోర్టుకెళ్లి గెలిచారు. ఖాళీ స్థలం కాలనీవాళ్ల ఆరోగ్యానికి అవసరమని, ఒకరి మేలు కోసం దాన్ని మార్చకూడదని కోర్టు చెప్పింది.

మీరు అడిగిన పార్కు విషయానికి వస్తే, ముందు సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజు కట్టి దరఖాస్తు పెట్టండి. ఆ పార్కు నిర్వహణ ఎవరికి అప్పగించారు, రోజుకు ఎన్ని గంటలు మనిషి ఉండాలని ఒప్పందంలో రాసుకున్నారు, ఈ రెండే అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితం చేతికొచ్చాక వేళల అర్జీ ఫిబ్రవరిలోపే ఇచ్చేయండి, ఎండలు ముదిరాక ఇస్తే సంతకం అయ్యేసరికి స్కూళ్లు తెరుస్తారు. మొక్కలు మాత్రం జులై, ఆగస్టుల్లో నాటండి. మన దగ్గర వాన ఎక్కువ పడేది సెప్టెంబరులో కాబట్టి వేళ్లూనుకుంటాయి. ఆటస్థలానికి పడమటి వైపు కానుగలు, మూడు నాలుగు చాలు, మేకలు తినకుండా చుట్టూ కంప కట్టండి.